మాధవవర్మ ఎప్పటివాడు? మూడు పుస్తకాల్లో మూడు తేదీలు (విష్ణుకుండినుల కాలం)

గ్రూప్స్_శ్రావణి
గ్రూప్స్ పరీక్షకు చదువుతూ విష్ణుకుండినుల (తెలుగునేలను ఏలిన పాత రాజవంశం) దగ్గర ఆగిపోయాను. ఒక పుస్తకంలో మాధవవర్మ అయిదో శతాబ్దం వాడు. ఇంకోదాంట్లో ఆరో శతాబ్దం. మా అన్నయ్య చదివిన పాత పుస్తకంలోనైతే ఏడో శతాబ్దం మొదట్లో, చాళుక్య రాజు పులకేశి దండెత్తి వచ్చే ముందు దాకా ఉన్నాడు. ఒకచోట ఇద్దరు మాధవవర్మలు, ఇంకోచోట నలుగురు. రాజధాని ఒకరు వినుకొండ అంటారు, ఒకరు దెందులూరు అంటారు, ఒకరు నల్గొండ వైపు అంటారు. అశోకుడికీ హర్షుడికీ లేని గొడవ మన రాజులకే ఎందుకు? పుస్తకం రాసినవాళ్ళు ఎవరికి తోచిన తేదీ వాళ్ళు వేసేస్తున్నారా?

బెజవాడ_బాబు
పరీక్ష కీలో ఏది ఇస్తే అదే అసలు తేదీ తల్లీ. మిగతావన్నీ అభ్యంతరాలు.

గ్రూప్స్_శ్రావణి
అన్నా, ఆ అభ్యంతరం పెట్టడానికే ఆధారం కావాలి.

శాసనాల_పిచ్చి
శ్రావణి గారూ, ఎవరికి తోచింది వాళ్ళు వేయలేదు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఆధారం ఉంది, అవి ఒకదానితో ఒకటి కలవలేదు. అదీ గొడవ.

అశోకుడు తన శాసనాల్లో అప్పటి గ్రీకు రాజుల పేర్లు చెక్కించాడు. హర్షుణ్ణి చూసిన చైనా యాత్రికుడు రాసిపెట్టుకుపోయాడు. అలా బయటి లెక్కతో ముడి పడింది. మన విష్ణుకుండినుల రాగిరేకుల్లో (రాజు ఇచ్చిన దానాన్ని చెక్కిన పత్రాలు) ఉండేది "నా రాజ్యంలో ఇన్నో ఏడు, ఫలానా మాసం, ఫలానా పక్షం", అంతే. రాజు ఎప్పుడు గద్దెనెక్కాడో తెలియకుండా పదో ఏడు అంటే ఏం తేలుతుంది?

చిక్కుళ్ళ అనే ఊరి రేకుల్ని జర్మన్ పండితుడు కీల్‌హార్న్ చదివి, శాసనాలు అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో (1896-97) అచ్చు వేశాడు. అందులో నాలుగు తరాలు దొరికాయి. మాధవవర్మ, ఆయన కొడుకు విక్రమేంద్రవర్మ, అతని కొడుకు ఇంద్రభట్టారకుడు, అతని కొడుకు రెండో విక్రమేంద్రుడు. ఆ తర్వాత రామతీర్థం, ఈపూరు రేకులు వచ్చాయి. వంశవృక్షం ఉంది, వేళ్ళు ఏ నేలలో ఉన్నాయో తెలీదు. అక్షరాల తీరు చూసి ఒకరు, గ్రహణం లెక్క వేసి ఒకరు, వాకాటకుల (విదర్భ వైపు రాజవంశం) చుట్టరికం పట్టుకుని ఒకరు కాలం కట్టారు. మీ మూడు పుస్తకాలూ ఆ మూడు దారులవి.

మూసీ_ఒడ్డు
ఆ నేల మా దిక్కు దొరికింది. రామన్నపేట కాడ తుమ్మలగూడెం, అదే ఇంద్రపాలనగరం. మా వలిగొండ ప్రాంతం మనిషి బి.ఎన్. శాస్త్రి గారు (భిన్నూరి నరసింహశాస్త్రి) అక్కడి రెండు తామ్రశాసనాలను 1965ల భారతి పత్రికల ప్రకటించిన్రు. మూసీ పత్రిక నడిపినాయన. ఊరూరు తిరిగి శాసనాలు జమజేసిన మనిషి.

మొదటిది మాధవవర్మ తండ్రి గోవిందవర్మది, 37వ రాజ్య సంవత్సరం. ఆయన పట్టపురాణి పరమభట్టారికా మహాదేవి కట్టించిన బౌద్ధ విహారానికి ఊర్లు దానమిచ్చిండు. రెండోది విక్రమేంద్రునిది. ఇది కూడా అదే విహారానికి. పల్లవ సింహుని మీద గెల్చి శక్రపురానికి మళ్ళొచ్చినంక ఇచ్చిండు. అండ్ల ఏమున్నదో తెలుసా? శక సంవత్సరం 488. అంతకుముందు దొరికిన విష్ణుకుండినుల రేకు దేంట్లనూ శక లెక్క లేదు. క్రీస్తు శకంలకు మార్చనీకి 488కి 78 కలుపుకో. 566. అయిపాయె.

శాసనాల_పిచ్చి
అవును, అక్కడే మలుపు. మూసీ గారు చెప్పినదానికి ఒక్క లెక్క జోడిస్తాను. ఆ రెండో శాసనం విక్రమేంద్రుడి 11వ ఏడాదిది. అంటే గద్దెనెక్కింది 555 ప్రాంతం. వాళ్ళ నాన్న ఇంద్రభట్టారకుడి రామతీర్థం రేకులు 27వ ఏడాదివి. కాబట్టి ఆయన ఎంత ఆలస్యంగా చూసినా 528కే రాజు. ఆయనకు ముందు మొదటి విక్రమేంద్రుడు, అతనికి ముందు మాధవవర్మ. ఆ మొదటి విక్రమేంద్రుణ్ణి చిక్కుళ్ళ రేకుల్లో విష్ణుకుండి, వాకాట వంశాలు రెండింటికీ అలంకారమని పొగిడారు. తల్లి వాకాటకుల ఆడపడుచన్న మాట. వాకాటకుల వైభవం అయిదో శతాబ్దంతో ముగిసింది. కాబట్టి పదకొండు అశ్వమేధాలు చేసిన మాధవవర్మ అయిదో శతాబ్దంలో మొదలై ఆరో శతాబ్దపు మొదటి ఏళ్ళ దాకా వచ్చినవాడు. ఏడో శతాబ్దం అని రాసిన పుస్తకాలు తుమ్మలగూడెం శాసనాల ముందువో, ఆ ముందువాటి నకళ్ళో.

కొల్లేటి_కొంగ
ఇంత చక్కగా లెక్క తేలాక ఇంకా నలుగురు మాధవవర్మలు దేనికండీ?

పాత_పంతులు
తేలలేదు కాబట్టి! ఇంద్రపాలనగరం పేరెత్తగానే అందరూ పొలమూరును మరిచిపోతారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా పాఠం చెప్పినవాణ్ణి, ఇక్కడే పిల్లలకు తప్పుదారి పడుతుంది. శ్రావణమ్మా, ఇది జాగ్రత్తగా చదువు.

గోదావరి జిల్లా పొలమూరులో రెండు రాజవంశాల రేకులున్నాయి. ఒకటి మాధవవర్మది. తూర్పు దిక్కు గెలవడానికి బయల్దేరి, గోదావరి దాటుతూ, గుద్దవాది విషయంలోని (విషయం అంటే అప్పటి జిల్లా లాంటిది) పులొంబూరును శివశర్మ అనే బ్రాహ్మణుడికి దానం ఇచ్చాడు. రెండోది వేంగి చాళుక్య రాజు మొదటి జయసింహుడిది. అదే ఊరు. ఇచ్చింది రుద్రశర్మకు. రుద్రశర్మ శివశర్మ కొడుకు, ఆ అగ్రహారం పూర్వం వాళ్ళదే. జయసింహుడు రాజైంది 641 ప్రాంతం.

ఇప్పుడు చెప్పండి. తండ్రికి 500 ప్రాంతంలో ఊరు వస్తే, కొడుకు 641 తర్వాత వచ్చి "మా ఊరు మాకు మళ్ళీ ఇప్పించండి" అంటాడా? నూట నలభై ఏళ్ళు! పోనీ పొలమూరు మాధవవర్మ వేరేవాడందామా? అతనూ గోవిందవర్మ కొడుకే, అతనూ పదకొండు అశ్వమేధాలు, వెయ్యి క్రతువులు చేసినవాడే. ఈ ముడి కోసమే పెద్దపెద్దవాళ్ళు మాధవవర్మను ఏడో శతాబ్దానికి జరిపారు. వాళ్ళు అజ్ఞానులు కారు.

బెజవాడ_బాబు
నూట నలభై ఏళ్ళ దస్త్రం పెండింగా! మా తాత పట్టాదారు పాసుపుస్తకం కూడా అంతసేపు తిరగలేదు పంతులు గారూ.

శాసనాల_పిచ్చి
పంతులు గారూ, పొలమూరు ముడి నిజమే, తీసిపారెయ్యను. కానీ మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెడతారా లేదా? ఆ కుటుంబంలోనూ శివశర్మ తర్వాత రుద్రశర్మ, మళ్ళీ శివశర్మ, మళ్ళీ రుద్రశర్మ అని నడిచి ఉండవచ్చు. జయసింహుడి నాటి రుద్రశర్మ, దానం పుచ్చుకున్న శివశర్మకు మునిమనవడైతే మీ నూట నలభై ఏళ్ళూ సరిపోతాయి.

పాత_పంతులు
సరిపెట్టడానికి సరిపోతాయి. రేకులో మునిమనవడని రాసి లేదు. ఇక్కడ తరాలు కలపడానికి పేర్లు ఊహించుకోవచ్చంటే, అక్కడ పదకొండు అశ్వమేధాలవాణ్ణి ఇద్దరుగా ఊహించుకోవడం ఎందుకు తప్పు? ముత్తాత బిరుదులు మునిమనవడు తగిలించుకోవడం రాజులకు కొత్తా?

శాసనాల_పిచ్చి
బిరుదు తగిలించుకోవడం వేరు, తండ్రి పేరు కూడా అదే కావడం వేరు.

పాత_పంతులు
తాత పేరు మనవడికి పెడతారని ఇప్పుడే మీరన్నారు. రాజుల ఇళ్ళల్లో పెట్టరా?

కొల్లేటి_కొంగ
😀 పంతులు గారికి ఒక మార్కు.

గ్రూప్స్_శ్రావణి
గ్రహణం సంగతి ఎవరూ చెప్పలేదు. పొలమూరు దానం చంద్రగ్రహణం రోజున అని చదివాను. ఇప్పుడు కంప్యూటర్లో పాత గ్రహణాలన్నీ వస్తాయి కదా, చూసి తేల్చెయ్యొచ్చు కదా?

పాత_పంతులు
ఫాల్గుణ పున్నమి, చంద్రగ్రహణం అని ఉంది. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే మళ్ళీ ఫాల్గుణ పున్నమికి గ్రహణం పడుతుంది. రెండు వందల ఏళ్ళలో ఎన్ని దొరుకుతాయో చూసుకో. ఎవరి వాదానికి సరిపడే గ్రహణం వాళ్ళకు ఉంది. ముందు శతాబ్దం తేలితే గ్రహణం ఏడాదిని తేలుస్తుంది. శతాబ్దాన్ని గ్రహణం తేల్చదు.

వలస_పక్షి_పుణె
నేను పుణెలో ఉంటాను. ఇక్కడికి దగ్గరి ఖానాపూర్‌లో (అప్పటి సతారా జిల్లా, ఇప్పుడు సాంగ్లీ) కూడా మాధవవర్మ రేకులు దొరికాయని ఇక్కడి మిత్రుడు చెబితే నమ్మలేదు. తర్వాత చదివాను, నిజమే. గోదావరి దాటి తూర్పుకు వెళ్ళిన రాజు పేరు సతారాలో ఎందుకుంది? రాజధాని వినుకొండేనని మా బళ్ళో బట్టీ పట్టించారు.

మూసీ_ఒడ్డు
వినుకొండ అన్నది విష్ణుకుండి పేరుకు దగ్గరున్నదని కీల్‌హార్న్ కాలంల పుట్టిన ఊహ. తెలంగాణల పుట్టి, వాకాటకుల పిల్లను చేసుకొని, ఆనక తూర్పుకు దిగిన్రు. మాధవవర్మ గోదావరి దాటి తూర్పు గెల్వనీకి పోయిండని పొలమూరు రేకే చెప్తున్నది గద? తన ఊరు తను గెల్చుకుంటడా ఎవడన్న?

కొల్లేటి_కొంగ
గోదావరికి ఇవతల కృష్ణా, గుంటూరు కూడా ఉన్నాయి మూసీ గారూ. అక్కడినుంచి బయల్దేరినా గోదావరి దాటి తూర్పుకే పోవాలి. ఈపూరు రేకులు గుంటూరు జిల్లావి. రెండో విక్రమేంద్రుడు చిక్కుళ్ళ శాసనం ఇచ్చింది లెందులూరు నుంచి, అంటే మా ఏలూరు పక్కన దెందులూరు. ఉండవల్లి గుహలు, మొగల్రాజపురం గుహలు వాళ్ళవే అంటారు. 2014 తర్వాత గీసిన గీతతో ఆరో శతాబ్దాన్ని కొయ్యకండి.

మూసీ_ఒడ్డు
గీత మేం గియ్యలే. యాభై ఏండ్లు పుస్తకాలల్ల ఇంద్రపాలనగరం పేరు రెండు వాక్యాలు దాటలే. అది బాధ. శాస్త్రి గారి అసొంటి మనిషి ఒక జిల్లాల కూసొని అంత పని చేసినా, పాఠ్యపుస్తకంల పేరు కనబడకపాయె.

శాసనాల_పిచ్చి
అది న్యాయమైన బాధ. రాజధాని విషయంలో ఇద్దరిదీ కొంత కొంత సరైనదే. శక్రపురం, లెందులూరు, అమరపురం, ఇలా శాసనాలు వేరువేరు చోట్ల నుంచి వెలువడ్డాయి. "రాజధాని: ____" అని ఖాళీ పూరించే రకం రాజ్యం కాదు అది.

రాజుగారి_కోట
మాధవవర్మ మా వంశకర్త. విజయనగరం పూసపాటివారు కూడా ఆయన వంశమే అని చెప్పుకుంటారు. ఆయన బెజవాడ రాజు. రాజకుమారుడి రథం కింద పడి చింతచిగురు అమ్ముకునే ఆమె కొడుకు చనిపోతే, సొంత కొడుక్కే మరణశిక్ష వేసిన ధర్మప్రభువు. అమ్మవారు కనకవర్షం కురిపించింది. ఇద్దరు, నలుగురు అంటూ ఆయన్ని ముక్కలు చెయ్యడం బాధగా ఉంది.

బెజవాడ_బాబు
మా ఊరి కథ! దుర్గ గుడి మెట్ల మీద మా అమ్మమ్మ చెప్పేది. కనకదుర్గ పేరు ఆ కనకవర్షం వల్లే అనేది.

పాత_పంతులు
కోట గారూ, కథను ఎవరూ కాదనరు. బెజవాడ మాధవవర్మ పేరు కాకతీయుల నాటికే జనం నోట ఉంది. కానీ విష్ణుకుండిన రేకుల్లో కొడుకుకు శిక్ష వేసిన ఊసు లేదు, కనకవర్షం లేదు. ఇంటిపేర్లూ గోత్రాలూ పట్టుకుని అయిదో శతాబ్దం దాకా పోవాలంటే మధ్యలో ప్రతి తరానికీ కాగితం కావాలి.

నిర్వాహకుడు
వంశాల మీద వాదన ఇక్కడితో ఆపండి. ఇంకో పోస్టు వస్తే తొలగిస్తాను. శాసనాల మీద ఎంతైనా మాట్లాడుకోండి.

నల్లమల_నీడ
నిన్నటినుంచి చదువుతున్నాను. రాజు, రాజు కొడుకు, రాజు మనవడు, అశ్వమేధాలు. మనుషులు ఏరీ? ఆ కాలంలో ఇక్కడ ఎవరు బతికారు, ఏం తిన్నారు, ఏం మాట్లాడారు? చరిత్రకారుడి పని తేదీ దగ్గరే ఆగితే నాకు దాంతో పనిలేదు.

కీసరగుట్టకు వెళ్ళినవాళ్ళు ఎంతమంది ఉన్నారిక్కడ? అక్కడ బండ మీద "తొలచువాన్డ్రు" అని చెక్కి ఉంది. రాయి తొలిచేవాళ్ళు. విష్ణుకుండినుల నాటిదంటారు. రాజుగారి రేకులు సంస్కృతంలో ఉంటే, రాయి కొట్టినవాళ్ళ మాట తెలుగులో ఉంది. పదకొండు అశ్వమేధాల కన్నా నాకు ఆ ఒక్క మాట ఎక్కువ.

రేనాటి_రెక్క
నల్లమల గారి మాటకు మా కడప నుంచి ఒక ఓటు. మా కలమళ్ళలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం ఉంది, రేనాటి చోళులది, 575 ప్రాంతానిది. రాజే తెలుగులో రాయించాడు. రాయి విరిగింది, సగం మాటలు పోయాయి. రెండో విక్రమేంద్రుడు దెందులూరులో సంస్కృతంలో రాయించిన తరానికే మా రేనాడులో తెలుగు రాయి నిలబడింది. ఇదెందుకు జరిగిందో ఎవరన్నా వివరంగా రాస్తే చదవాలని ఉంది.

శాసనాల_పిచ్చి
నల్లమల గారూ, తేదీ లేకపోతే మీ రాయి కొట్టేవాళ్ళు కూడా గాల్లోనే ఉంటారు. కీసర మాట విష్ణుకుండినుల నాటిదని మీరు అనగలిగింది ఈ తేదీల పంచాయితీ ఎవరో పడ్డారు కాబట్టే. రెండూ ఒకే పని.

ఇంకోటి. తుమ్మలగూడెం దొరికేదాకా విష్ణుకుండినులంటే యజ్ఞాలు చేసే రాజులు, అంతే. అప్పటికి బౌద్ధం మన దగ్గర అడుగంటిందని రాసేవారు. గోవిందవర్మ రేకులు చదివాక, భిక్షుసంఘానికి ఊళ్ళిచ్చిన రాజూ, ఆ రాజు కొడుకే అశ్వమేధాలు చేసిన రాజూ ఒకే ఇంట్లో కనిపించారు. ఇది జనం సంగతే కదా?

చైతన్యపురి_చిన్నోడు
గోవిందవర్మ అంటున్నరు గదా, హైదరాబాదుల ఉన్నోళ్ళు తుమ్మలగూడెం దాక పోనక్కర్లేదు. మా చైతన్యపురి ఫణిగిరి కాలనీల, మూసీ ఒడ్డున నరసింహస్వామి గుడి గుట్ట మీద ప్రాకృత శాసనం ఉన్నది. అండ్ల గోవిందరాజ విహారం పేరున్నది. చుట్టూ అపార్ట్‌మెంట్లు, కింద మూసీ వాసన, నడుమ బండ మీద పదిహేను వందల ఏండ్ల నాటి అక్షరాలు. నేను చిన్నప్పుడు ఆ గుట్ట మీద పతంగులు ఎగరేసిన, ఒక్కరు చెప్పలే.

వేరే ఊర్ల ఒక సార్ శాసనం అచ్చు తీస్తుంటే పక్కన నిలబడి చూసిన. బండను బాగా కడిగి, తడి కాగితం పరిచి, గట్టి బ్రష్షుతోని మెల్లగ కొట్టుకుంట పోయిండు. కాగితం అక్షరం గుంతలకు దిగుతది. కొంచెం ఆరినంక సిరా ముంచిన గుడ్డ ఉండతోని పైపైన అద్దిండు. గుంతల సిరా పడదు, బండంత నల్లగ, అక్షరం తెల్లగ లేస్తది. ఉత్త కండ్లకు కనబడని గీత కూడ కాగితం మీద కనబడ్డది. సార్ ఊపిరి బిగబట్టి లాగిండు, చిరిగితే మళ్ళ మొదటికే.

గ్రూప్స్_శ్రావణి
ఇది ఏ కోచింగ్‌లోనూ చెప్పలేదు. ఈ ఆదివారం చైతన్యపురి వెళ్తాను. నోట్సులో ఇలా రాసుకున్నాను: "రెండో విక్రమేంద్రుడు, శక 488, ఇది గట్టి తేదీ. మాధవవర్మ దీన్నుంచి వెనక్కి లెక్క. పొలమూరు విడిగా, వివాదం." సరేనా పంతులు గారూ?

పాత_పంతులు
బాగుంది. "వివాదం" పక్కన శివశర్మ, రుద్రశర్మ పేర్లు కూడా రాసుకో. ఎందుకు వివాదమో రెండు పేర్లలో గుర్తుంటుంది.

గోదారి_గట్టు
కొంచెం పక్కదారి, కానీ మీకే చెప్పాలనిపించింది. మా పెద్దనాన్నగారింట్లో దేవుడి గదిలో రాగిరేకులు ఉన్నాయి, ఒక కడియానికి గుచ్చి. పొలంలో దొరికాయట, మా తాత నాటి మాట. పండగ పండక్కీ చింతపండు పెట్టి తోమి, బొట్టు పెట్టి పూజ చేస్తారు. తళతళ మెరుస్తుంటాయి. ఒకసారి పాతసామాన్లవాడు కిలో లెక్కన బేరం పెడితే పెద్దమ్మ తరిమేసింది. ఇవి అలాంటివేనా?

శాసనాల_పిచ్చి
ముందు ఆ చింతపండు ఆపించండి! ఈ రోజే ఫోన్ చెయ్యండి. పులుపు పైపొరను తినేస్తుంది, తోమిన ప్రతిసారీ అక్షరం కాస్త అరుగుతుంది.

తర్వాత ఇవి చూసి చెప్పండి. రేకుల అంచులు కొంచెం పైకి లేచి ఉన్నాయా? ఒకదానికొకటి రాసుకుని రాత అరక్కుండా అలా చేసేవారు. మొదటి రేకు బయటివైపు ఖాళీగా ఉందా? కడియానికి ముద్ర ఉందా, దాని మీద బొమ్మేమిటి?

గోదారి_గట్టు
అంచులు లేచే ఉన్నాయి. పైరేకు వెనక ఏమీ లేదు. ముద్ర గుండ్రంగా ఉంది, మూతి ముందుకు సాగిన జంతువు. మా పిల్లలు పంది అంటే పెద్దమ్మ కోప్పడింది.

పాత_పంతులు
పిల్లలు సరిగ్గానే చూశారు. విష్ణుకుండినులైతే పంజా ఎత్తిన సింహం ఉండాలి. వరాహమంటే వేంగి చాళుక్యులై ఉండవచ్చు. బొమ్మ కింద గానీ పైన గానీ "శ్రీ త్రిభువనాంకుశ" అని పాత లిపిలో ఉందేమో, పక్కన అంకుశం, సూర్యచంద్రులు ఉన్నాయేమో చూడు నాయనా. కడియం మాత్రం కొయ్యకండి, ముద్ర విడదీయకండి.

కొల్లేటి_కొంగ
జయసింహుడిదైతే పంతులు గారికి శివశర్మ మనవడు దొరికినట్టే 🙏

వలస_పక్షి_పుణె
ఫోటోలు ఇక్కడ పెట్టండి, అందరం చూస్తాం.

శాసనాల_పిచ్చి
ఊరి పేరుతో, ఇంటి వివరాలతో ఇక్కడ పెట్టొద్దు. కొనేవాళ్ళు కూడా ఇలాంటి చర్చలు చదువుతారు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ఇంకా ఉంది. భూమిలో దొరికిన పాతవస్తువు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలి. రాష్ట్ర పురావస్తు శాఖకు ఒక ఉత్తరం, మైసూరులోని కేంద్ర శాసన విభాగానికి ఒక ఉత్తరం రాయండి. చదివేది వాళ్ళే.

గోదారి_గట్టు
పెద్దనాన్న ఒప్పుకోరు. దేవుడి గదిలోంచి తియ్యకూడదంటారు.

మూసీ_ఒడ్డు
అన్నా, వాళ్ళకు గిట్ల చెప్పు. అండ్ల ఒక రాజు పేరు, ఒక ఊరి పేరు, ఆ ఊరి పొలిమేరలు, దానం పుచ్చుకున్న మనిషి పేరు ఉంటయి. రాసినోని పేరు కూడ ఉంటే ఉండొచ్చు. దేవుని ముంగట పెట్టి దండం పెడుతున్నరు, మంచిదే. ఇంతకాలం వాళ్ళింట్ల ఎవరి పేర్లున్నయో తెల్సుకోవాలని లేదా అని అడుగు.

గోదారి_గట్టు
ఇది పనిచేసేలా ఉంది. ఈ వారమే ఊరెళ్తున్నాను. ముద్ర ఫోటో, పక్కన స్కేలు పెట్టి, పాత_పంతులు గారికి విడిగా పంపుతాను.

పాత_పంతులు
పంపు నాయనా. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, పొద్దున్నేగానీ సాయంత్రంగానీ తియ్యి. ఫ్లాష్ వద్దు, మెరిసే రాగి మీద అక్షరం కనబడదు. ప్రతి రేకుకూ రెండు వైపులా విడివిడిగా తియ్యి, వరస తప్పకుండా.